చెవిహోరుతో బ్రదికిన సంగీతకారుడు

వాక్యభాగములు: మార్కు 14:32–42, 2 కొరింథీ 12:7–10



మన గండియొద్ద వానకాలములో పాపఘ్ని నది కొండల సందున పొంగి పారునప్పుడు దాని హోరు దూరమువరకు వినబడును. క్రొత్తగా వచ్చిన చుట్టమునకు ఆ రాత్రి నిద్రపట్టదు. ఇక్కడ పుట్టి పెరిగినవారు మాత్రము ఆ శబ్దమును మరచి హాయిగా నిద్రపోవుదురు. అయితే ఆ హోరు నదిలో గాక మనుష్యుని చెవిలోనే పుట్టి, ఎండకాలమనక వానకాలమనక, రేయింబవళ్లు ఆగకుండ మ్రోగుచుండిన యెడల ఏమి చేయవలెను?

కడప రాళ్లు కోయు మిషనుయొద్ద కొన్ని సంవత్సరములుగా పనిచేయుచున్న ఒక యౌవనుడు ఆరాధన ముగిసిన తరువాత నాయొద్దకు వచ్చి ఈ బాధ చెప్పుకొనెను. ఇంటివారికి చెప్పలేదట. పిచ్చి యందురని, దయ్యము పట్టినదందురని, కుదిరిన పెండ్లి తప్పిపోవునని అతని భయము. అతనికి నేను చెప్పిన ఒక మనుష్యుని జీవితమునే ఈ నెల మీకును వ్రాయుచున్నాను.

లుడ్విగ్ వాన్ బీథోవెన్ జర్మనీ దేశములోని బాన్ పట్టణమందు 1770వ సంవత్సరమున జన్మించి, డిసెంబరు 17న రోమను కతోలిక సంఘములో బాప్తిస్మము పొందెను. తాతయు తండ్రియు సంస్థానాధిపతి కొలువులో గాయకులు. తండ్రి త్రాగుబోతు. పసివాడైన కుమారునికి కఠిన శిక్షతో సంగీతము నేర్పెను. 1787లో తల్లి క్షయవ్యాధితో చనిపోయెను. తండ్రి సంపాదన త్రాగుడునకే పోవుచుండగా, 1789లో, పందొమ్మిదేండ్లు నిండకముందే, ఈ కుమారుడు సంస్థానాధిపతిని వేడుకొని, తండ్రి జీతములో సగము తన చేతికి వచ్చునట్లు చేసి, ఇద్దరు తమ్ములను పోషించెను. 1792లో అతడు వియన్నా మహానగరమునకు వెళ్లెను. కొద్దికాలములోనే పియానో వాయించుటలో అతనికి సాటి లేరని పేరు వచ్చెను. గొప్ప గొప్ప ఇండ్ల తలుపులు అతనికి తెరువబడెను.

అట్టి సమయమున, సుమారు ఇరువది యేడేండ్ల ప్రాయములో, అతని చెవులలో హోరు ఆరంభమాయెను. పగలును రాత్రియు ఈలవలె, గాలివలె మ్రోయుచుండెను. వినికిడియు మెల్లగా తగ్గసాగెను. నాటకశాలలో వాద్యగాండ్ర దాపున కూర్చుండిననే గాని నటుల మాట అర్థము కాకుండెను. ఎవరైన మెల్లగా మాటాడిన శబ్దము వినబడునుగాని మాటలు తెలియవు. ఎవరైన అరచినచో భరింపలేడు. వైద్యులు బాదము నూనె వేసిరి. చన్నీటి స్నానము చేయుమనిరి. డాన్యూబు నది నీటితో గోరువెచ్చని స్నానమనిరి. చెట్టు పట్టను చేతులకు కట్టి బొబ్బలు పొక్కించిరి. ఒంటికి కొంత బలము వచ్చెనేగాని చెవిహోరు మానలేదు.

ఈ సంగతి అతడు ఎవరికిని తెలియనియ్యలేదు. సంగీతకారునికి చెవులే ఆస్తి గదా! దాదాపు రెండేండ్లు జనుల మధ్యకు పోవుట మానుకొని, 1801వ సంవత్సరమున దూరముననున్న ఇద్దరు మిత్రులకు మాత్రము ఉత్తరములు వ్రాసి, ఎవరితోను చెప్పవద్దని వారిని బ్రతిమాలుకొనెను.

1802లో వైద్యుని సలహా చొప్పున అతడు వియన్నా దాపుననున్న హైలిగెన్‌స్టాట్ అను పల్లెటూరిలో కొన్ని నెలలు ఉండెను. తోడనున్నవారికి గొఱ్ఱెలకాపరి పిల్లనగ్రోవి వినబడుచుండగా అతనికి వినబడలేదు. ఆ అక్టోబరులో, ముప్పదియొక ఏండ్ల వయస్సున, తన తమ్ములకు ఒక ఉత్తరము వ్రాసెను. కొంచెము గట్టిగా మాటాడుడని జనులను అడుగుటకు తాను సిగ్గుపడితినని, అందుచేత తనను గర్విష్ఠి యనియు మనుష్యద్వేషి యనియు అనుకొనిరని, ప్రాణము తీసికొనవలెనని కూడ తలంచితినని అందులో ఒప్పుకొనెను. తనకు నియమింపబడిన పని ఇంకను మిగిలియున్నదను తలంపే తనను ఆపినదని వ్రాసెను. ఆ ఉత్తరము అతడు పంపలేదు. దాదాపు ఇరువదియైదేండ్లు తనయొద్దనే దాచుకొనెను. అతడు చనిపోయిన తరువాతనే అది బయటపడెను.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. ఆ ఉత్తరము వ్రాసి ఆరు నెలలు నిండకమునుపే, 1803 ఏప్రిల్ 5న, ఒలీవల కొండమీది క్రీస్తును గూర్చి అతడు కూర్చిన గానము వియన్నాలో వినిపింపబడెను. దాని కథ మన ప్రభువు గెత్సేమనేలో వేదనపడి ప్రార్థించిన రాత్రియే. ఒంటరి వేదన యెట్టిదో ఎరిగినవాడే ఆ రాత్రికి రాగము కట్టెను.

1806లో సంగీతము చిత్తు వ్రాసికొను కాగితముమీద అతడు తనకు తానే ఒక మాట వ్రాసికొనెను: తన చెవుడు ఇక రహస్యముగా ఉండనక్కరలేదని. రోగము కుదరలేదు గాని దానిని దాచవలెనను భారము దిగుట ఆరంభమాయెను. పిమ్మట కొమ్ముబూరవంటి పరికరములు బహిరంగముగా చెవికి పెట్టుకొనెను. 1818 నుండి తన్ను చూడవచ్చినవారికి పుస్తకమిచ్చి, వారు చెప్పదలచినది అందులో వ్రాయించుకొనెను. అట్టి పుస్తకములు నూటికి పైగా నేటికిని ఉన్నవి. 1824 మే 7న అతని తొమ్మిదవ సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు జనులు చప్పట్లు కొట్టుచుండగా అతనికి వినబడలేదు. పాటకత్తె యొకతె అతనిని జనులవైపు త్రిప్పగా, వారి చేతులను కన్నులార చూచెను. ఆ సింఫనీలోని ఒక రాగమునకు కీర్తన కూర్చి ఆంగ్ల సంఘములు నేటికిని పాడుచున్నవి. 1827 మార్చి 26న, యాబదియారవ యేట, అతడు చనిపోయెను.

అతడు పరిశుద్ధుడని చెప్పుట లేదు. ముక్కోపి, తమ్ములతో కలహించెను, చనిపోయిన తమ్ముని కుమారునికొరకు వదినె వరుసగాని మరదలి వరుసగాని చూడక ఏండ్లతరబడి వ్యాజ్యెమాడెను. అయినను మనము నేర్చుకొనవలసినది అతని జీవితములో ఉన్నది.

మొదటిది, చెవిహోరు పిచ్చి కాదు, దయ్యము కాదు. 1530లో కోబుర్గు కోటలో ఇదే బాధ పడిన మార్టిన్ లూథరు అంతటివాడు కూడ ఇది సాతాను పనియే యనుకొనెను. నేడు మనకు తెలిసినదేమనగా, పెద్ద శబ్దముల వలన గాని రోగము వలన గాని లోచెవిలోని సన్నని కణములు చెడినప్పుడు, తనకు అందని శబ్దమును మెదడే కల్పించుకొనవచ్చును. చెవిగుబిలి వలనను, చీము వలనను కూడ హోరు కలుగును. కాబట్టి కాచిన నూనెయు ఆకుపసరును పోయక చెవి వైద్యునికి చూపించుడి. ఒక్క చెవిలోనే హోరున్నను, అది నాడితో కూడ కొట్టుకొన్నను, వినికిడి హఠాత్తుగా పోయినను ఆలస్యము చేయవద్దు. మిషనులయొద్ద పనిచేయువారు చెవులకు రక్షణ పెట్టుకొనవలెను. బొత్తిగా నిశ్శబ్దములో హోరు హెచ్చుగా తోచును గనుక రాత్రివేళ ఫ్యాను శబ్దము వంటి మెల్లని ధ్వని మేలు చేయును. కాలక్రమమున మనస్సు ఆ హోరును, మనము పాపఘ్ని హోరును మరచినట్లే, చాలవరకు ప్రక్కకు పెట్ట నేర్చుకొనును.

రెండవది, బాధను దాచవద్దు. గెత్సేమనేలో మన ప్రభువే తన దుఃఖమును ముగ్గురు శిష్యులకు చెప్పి, తనతో మెలకువగా ఉండుమని అడిగెను. దైవకుమారుడు సిగ్గుపడని చోట మనమేల సిగ్గుపడవలెను? ఆ పాత్ర ఆయనయొద్దనుండి తొలగింపబడలేదు. పౌలు మూడుమారులు వేడుకొన్నను అతని ముల్లు తీయబడలేదు. అయినను ఆయనకును పౌలునకును తండ్రి బలమిచ్చెను.

మూడవది సంఘమునకు. శిష్యులు నిద్రపోయిరి. మన మధ్య ఒకడు కంటికి కనబడని బాధ చెప్పినప్పుడు, నవ్వక, మంత్రగాని యొద్దకు పంపక, వానితోకూడ మేలుకొనియుండుట మన పని. బ్రదుకుమీద విసుగు పుట్టినదని ఎవడైన చెప్పిన యెడల ఆ రాత్రి వానిని ఒంటరిగా విడువవద్దు.

నాయొద్దకు వచ్చిన యౌవనుడు తన తల్లితో చెప్పెను. ఆమె ఏడ్చి, మరునాడు వానిని వెంటబెట్టుకొని ప్రొద్దుటూరు వైద్యుని యొద్దకు వెళ్లెను. హోరు ఇంకను ఉన్నది. అతడు ఆదివారము మరల పాటలలో కలిసి పాడుచున్నాడు.

ప్రార్థన: గెత్సేమనేలో ఒంటరిగా మేలుకొనిన ప్రభువా, నిద్రపట్టని నీ బిడ్డలతో ఈ రాత్రి ఉండుము. వారి మాట వినుటకు మా చెవులు తెరువుము. ఆమేన్.