రేలంగి వెంకట్రామయ్య

రేలంగిగా ప్రసిద్ధి చెందిన రేలంగి వెంకట్రామయ్య (ఆగష్టు 9, 1910 - నవంబరు 27, 1975) తెలుగు సినిమా రంగంలో సుప్రసిద్ధ హాస్యనటుడు. సుమారు నలభై సంవత్సరాల కాలంలో 300కు పైగా చిత్రాలలో నటించాడు. సాంఘిక, పౌరాణిక చిత్రాలలో కూడా ఈయనకు మంచి పేరు ఉన్నప్పటికీ, మాయలు, మంత్రాలు, మణులు, రాకుమార్తెలతో నిండిన జానపద చిత్రాలలోనే ఈయన హాస్యం ప్రేక్షకులకు మొదట దగ్గరయిందని చెప్పవచ్చును. 1970లో భారత ప్రభుత్వం ఈయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

బాల్యం

రేలంగి కోనసీమలో, కొత్తపేటకు సమీపాన రావులపాలెం దగ్గరి రావులపాడు గ్రామంలో జన్మించాడు. అప్పటి గోదావరి మండలంలోని ఈ గ్రామం తరువాత తూర్పు గోదావరి జిల్లాలోను, 2022 నుండి కోనసీమ జిల్లాలోను ఉన్నది. తల్లి ఈయన పసితనంలోనే మరణించింది. తండ్రి హరికథలు, సంగీతం నేర్పేవాడు. ఆ విధంగా కథ చెప్పడం, పాట పాడటం, చూసేవారిని కూర్చోబెట్టడం అనే మూడు విద్యలు ఈయనకు ఇంటిలోనే పరిచయమయ్యాయి. చదువు ఎక్కువగా సాగలేదు.

ఆ కాలపు గోదావరి పల్లెలలో అద్భుత కథలపై ఇష్టం ఉన్నవారికి వినోదం ఎక్కడ దొరికేదో తెలిస్తే రేలంగి నటన మూలాలు కొంత అర్థమవుతాయి. తీర్థాలలోను, ఊరి జాతరలలోను తోలుబొమ్మలాటలు ఆడేవారు. వాటిలో రాముడు, రావణుడు ఎంత ముఖ్యులో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క కూడా అంతే ముఖ్యులు. యుద్ధం మధ్యలో కేతిగాడు దూకి అల్లరి చేస్తే తప్ప తెల్లవారే వరకు మేలుకొని ఉండటం పిల్లలకే కాదు పెద్దలకు కూడా కష్టమే. సంస్కృత నాటకాలలోని విదూషకుని కన్నా ఈ బొమ్మలకే రేలంగి దగ్గరి చుట్టం అనిపిస్తుంది. చదువుకున్న ఇళ్ళలో మధిర సుబ్బన్న దీక్షితులు వ్రాసిన కాశీ మజిలీ కథలు చదివి వినిపించేవారు. ఒక మజిలీలో మొదలైన కథ మరొక మజిలీకి సాగే ఆ గ్రంథంలో మాంత్రికులు, గుహలు, శాపాలు కొల్లలు.

నాటక రంగం

రేలంగి బాల్యం నుండే నాటకాలలో వేషాలు వేసాడు. మొదట్లో స్త్రీ పాత్రలు కూడా ధరించాడు. కాకినాడలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఈయనకు నటనలో పాఠశాల వంటిది. ఎస్.వి.రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు వంటి వారు కూడా ఈ సంస్థ నాటకాలలో పాల్గొన్నవారే. ఒక పట్టణంలోని నాటక సమాజం నుండి ఇందరు సినిమా ప్రముఖులు రావడం విశేషం. 1933లో రేలంగికి బుచ్చియమ్మతో వివాహం జరిగింది.

సినిమాలలో తొలి రోజులు

1935లో చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం రేలంగి తొలి చిత్రం. ఇందులో వేసినది చిన్న వేషం. తరువాత పన్నెండు సంవత్సరాల పాటు చెప్పుకోదగ్గ అవకాశం రాలేదు. మరొకరయితే ఊరికి తిరిగి వెళ్ళి ఉండేవారు. రేలంగి మాత్రం పుల్లయ్య దగ్గరే ఉండి, నటీనటులను సమకూర్చడం మొదలు చిత్రీకరణకు కావలసిన ఏర్పాట్లు చూడటం వరకు చేతికి వచ్చిన పని అల్లా చేస్తూ, మధ్య మధ్య చిన్న వేషాలు వేస్తూ కాలం గడిపాడు. పెళ్ళయి సంసారం ఉన్న మనిషి ఇరవై అయిదవ ఏట మొదలుపెట్టిన వృత్తిలో ముప్పై ఏడవ ఏటి వరకు గుర్తింపు లేకుండా నిలబడి ఉండటం చిన్న విషయం కాదు. ఈయన జీవితం గురించిన వ్యాసాలలో ఈ పన్నెండేళ్ళు తరచుగా ఒక్క వాక్యంలో ముగిసిపోతాయి.

1947లో గొల్లభామ, 1948లో వింధ్యరాణి చిత్రాలతో ఈయన పేరు బయటకు వచ్చింది. రెండింటికీ దర్శకుడు పుల్లయ్యే.

జానపద చిత్రాలు

1949లో వాహినీ సంస్థ నిర్మించిన గుణసుందరి కథతో రేలంగి స్థానం స్థిరపడింది. దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు. షేక్స్‌పియర్ వ్రాసిన కింగ్ లియర్ నాటకంలోని తండ్రీకూతుళ్ళ కథను తెలుగు జానపదంగా మలచిన చిత్రమిది. రాజుగారి పెద్దల్లుళ్ళు హరమతి, కాలమతి. వీరిలో కాలమతి పాత్ర రేలంగిది. రాజు వ్యాధిని నయం చేసే మహేంద్రమణి కోసం అల్లుళ్ళు బయలుదేరడం, చిన్నల్లుడు కష్టపడి సాధించిన మణిని పెద్దల్లుళ్ళు కాజేయడం కథలో ముఖ్య ఘట్టాలు. చేసే పనిని బట్టి చూస్తే కాలమతి దుర్మార్గుడే. అయినా ప్రేక్షకులకు అతనిపై కోపం రాదు, నవ్వు వస్తుంది.

1951 మార్చి 15న విడుదలైన విజయా వారి పాతాళ భైరవిలో రాజుగారి బావమరిది శూరసేనుని పాత్ర రేలంగికి దక్కింది. పేరు శూరసేనుడు, మనసు పిరికిది. రాకుమారిపై ఆశ మాత్రం వదలదు. ఆమెను ఉద్దేశించి పాడే హాస్యగీతాన్ని రేలంగి తన సొంత గొంతుతోనే పాడాడు. ఈ పాత్ర నవ్వించడానికే పెట్టినది కాదన్న సంగతి గమనించాలి. పెళ్ళి కాదని తెలిసి ప్రాణం తీసుకోబోయిన శూరసేనుని మాంత్రికుడు ఆశపెట్టి, తోటరాముని ఇంటి నుండి పాతాళ భైరవి ప్రతిమను తెప్పించుకుంటాడు. ఆ ప్రతిమ చేతికి చిక్కడంతో భవనం, రాకుమారి మాయమవుతాయి, కథ మళ్ళీ మొదటికి వస్తుంది. మంత్రశక్తి వల్ల కాని పని ఒక అమాయకుని ఆశ వలన జరిగిపోయింది. మాంత్రికుడుగా ఎస్.వి.రంగారావు, శూరసేనుడుగా రేలంగి ఎదురుపడినపుడు కాకినాడ నాటకరంగం నుండి వచ్చిన ఇద్దరు నటులు ఒకరి బలాన్ని ఒకరు ఎరిగి నటించడం చూడవచ్చును. చిత్రకథకు కాశీ మజిలీ కథలే ఆధారం. 1952లో జరిగిన మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం ప్రదర్శింపబడింది.

పాతాళ భైరవి నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలై నుండి చందమామ మాసపత్రికను కూడా నడిపారు. కనుక ఆనాటి తెలుగు పిల్లవానికి నెలనెలా చదివే మాంత్రికుని కథ, డేరా హాలులో నేల టిక్కెట్టుపై చూసే మాంత్రికుని కథ ఒకే ఇంటి నుండి వచ్చేవి. సినిమా చూసిన తరువాత హాలు వద్ద అమ్మే పాటల పుస్తకం కొనుక్కోవడం, కొబ్బరి మట్టలను కత్తులుగా చేసి ఆడుకోవడం కోనసీమ పిల్లలకు మామూలు ముచ్చట. ఈ ఆటలో తోటరాముడు కావాలని అందరూ పోటీ పడినా, నవ్వించగలిగిన వాడు శూరసేనుడు కావడానికి ఒప్పుకుంటేనే ఆట రక్తి కడుతుంది.

1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్‌లో రేలంగి లక్ష్మణ కుమారుడు. వ్యాసభారతంలో ఇతడు అభిమన్యుని చేతిలో మరణించే వీరుడు, హాస్యానికి అక్కడ తావు లేదు. శశిరేఖ పెళ్ళి కథ మూల భారతంలోనే లేదు. తెలుగు నాటకాలలో ప్రచారంలో ఉన్న ఆ కథలో లక్ష్మణ కుమారుడు గొప్పలు చెప్పుకునే పెళ్ళికొడుకు అయ్యాడు. పెళ్ళిపీటలపై మాయా శశిరేఖ అతనిని బెదరగొట్టే దృశ్యం చిత్రానికి పతాక ఘట్టం. అక్కడ సావిత్రి శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుని నటిస్తుంది. మాయను మాయ అని నమ్మించేది మాత్రం ఎదుట కూర్చున్న రేలంగి ముఖంలోని భయం. తెరపై అద్భుతం ఎంత గొప్పదయినా, దానిని చూసి బిత్తరపోయే మనిషి ఒకడు లేకపోతే అది గారడీగానే మిగిలిపోతుంది. కె.వి.రెడ్డి ఈ విషయం బాగా తెలిసిన దర్శకుడు. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో కూడా ఈయన రేలంగికి రెండు చింతలు అనే పాత్రనిచ్చాడు.

1960 తరువాత తక్కువ ఖర్చుతో తీసే జానపద చిత్రాలు పెరిగాయి. వాటిలో హాస్యం బాలకృష్ణ (అంజి) వంటి నటులకు ఎక్కువగా దక్కింది.

ఇతర చిత్రాలు

మిస్సమ్మ (1955)లో దేవయ్య, నర్తనశాల (1963)లో ఉత్తర కుమారుడు ఈయన ప్రసిద్ధ పాత్రలలో కొన్ని. ఉత్తరుని హాస్యం మాత్రం సినిమా వారు కల్పించినది కాదు, విరాటపర్వంలోనే ఉన్నది. మిస్సమ్మలో కూడా తన పాటలు తానే పాడాడు. గిరిజతో జంటగాను, రమణారెడ్డితో కలసి ఇరువురు హాస్యగాళ్ళుగాను నటించిన చిత్రాలు అనేకం. రేలంగి, రమణారెడ్డి ఒకరు లావు, ఒకరు సన్నం కావడంతో మాట పలకకముందే హాలులో నవ్వులు మొదలయ్యేవి.

చివరి రోజులు

రేలంగి పశ్చిమ గోదావరి జిల్లాలోని తాడేపల్లిగూడెంలో స్థిరపడి, అక్కడ రేలంగి చిత్రమందిర్ అనే సినిమా హాలు నిర్మించాడు. చివరి సంవత్సరాలలో అనారోగ్యంతో బాధపడి 1975 నవంబరు 27న మరణించాడు. మాయాబజార్ చిత్రాన్ని రంగులలోకి మార్చి 2010 జనవరి 30న మళ్ళీ విడుదల చేసారు. రేలంగి మరణించిన తరువాత పుట్టిన పిల్లలు ఆ విధంగా లక్ష్మణ కుమారుని పెళ్ళిని హాలులోనే చూసారు.