నక్షత్రాల దూరం పట్టిచ్చిన వైను బప్పు

నమాజు వేళలకూ, ఖిబ్లా దిశకూ ఖగోళ గణన ఎంత అవసరమో పాఠకులకు తెలిసిందే. కానీ మన హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుండి దుర్భిణి తెప్పించి 1901లో ఒక వేధశాల స్థాపించారన్న సంగతి మనలో చాలామంది ఎరుగరు. ఫిసల్‌బండలో మొదలై తర్వాత బేగంపేటకు మారిన ఆ నిజామియా వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడే వైను బప్పు.

ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కళాశాలలో చదివారు. తండ్రి కొలువు పుణ్యమా అని దుర్భిణి చిన్ననాడే పరిచయమైంది. హైదరాబాద్ ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డ్ వెళ్ళిన కొద్ది నెలలకే, 1949లో, ఫొటో పలకపై ఒక కొత్త తోకచుక్కను గుర్తించారు. అది బప్పు, బోక్, న్యూకిర్క్‌ల పేరిట నిలిచింది.

అంతకంటే విలువైనది దూరాల విషయంలో ఆయన చేసిన పని. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమే ఖగోళ శాస్త్రానికి కొలబద్ద. భూమి సూర్యుని చుట్టూ తిరిగేటప్పుడు దగ్గరి నక్షత్రం కాస్త పక్కకు జరిగినట్లు అగుపిస్తుంది. ఆ జరుగుబాటును బట్టి దాని దూరం లెక్కగడతారు. దూరపు నక్షత్రాల విషయంలో ఆ జరుగుబాటు కొలతకే అందదు. మరి దారేమిటి?

1957లో బప్పు, ఓలిన్ విల్సన్‌తో కలిసి ఒక దారి చూపారు. చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం గీత నడుమ మెరిసే భాగం ఎంత వెడల్పుంటే ఆ నక్షత్రపు అసలు వెలుగు అంత ఎక్కువ. వీధి చివర వెలిగేది 100 వాట్ల బల్బు అని తెలిస్తే, అది మనకు ఎంత మసకగా కనిపిస్తోందో చూసి దూరం చెప్పగలం కదా! అయితే ఈ పద్ధతిని సరిచూసుకోవాలంటే ముందే దూరం తెలిసిన నక్షత్రాలు కావాలి. అంటే అడుగున ఉన్న కొలబద్ద తప్పితే పైదీ తప్పుతుంది.

కొలబద్దలను నిర్ణయించేది అంతర్జాతీయ ఖగోళ సంఘం. 1979లో బప్పు దానికి అధ్యక్షులయ్యారు. భూసూర్య దూరపు ప్రమాణాన్ని పూర్వం సూర్యుని ఆకర్షణ ఆధారంగా లెక్కించేవారు. కొలతలు మెరుగైనప్పుడల్లా అంకె కాస్త మారేది. 2012లో ఆ సంఘమే దాన్ని 14,959 కోట్ల 78 లక్షల 70 వేల 700 మీటర్లుగా స్థిరపరిచింది.

అప్పటికి బప్పు లేరు. 1960 నుండి కొడైకెనాల్ వేధశాలను నడిపి, తమిళనాడులోని కావలూరులో కొత్త వేధశాలకు చోటు వెతికి, మన దేశంలోనే పెద్ద దుర్భిణి తయారు చేయించాలని పూనుకున్నారు. అది పూర్తికాకముందే 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిచ్‌లో కన్నుమూశారు. 2.34 మీటర్ల ఆ దుర్భిణి 1986లో ఆయన పేరుతోనే ప్రారంభమైంది.