నీడతో కాలాన్ని కొలిచిన రాజు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమనగానే నాకు అన్నవరం కొండ మీది నీడ గడియారం గుర్తుకొచ్చింది. 1943లో పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రిగారు నిర్మించినది. బెజవాడ నుంచి ఎన్నిసార్లు వ్రతానికి వెళ్ళినా, దాని పక్కనే నిలబడి చేతి గడియారంలో టైము చూసుకొని బస్సుకు పరుగెత్తినవాణ్ణే. దాని సంగతి రిటైరయ్యాక తెలుసుకుందాంలే అనుకున్నాను. తీరా తెలుసుకోబోతే, దానికి సరిగ్గా రెండు వందల ఏళ్ళ ముందు కన్నుమూసిన సవాయి జయసింహుడు ఎదురయ్యారు.

ఆయన 1688లో జన్మించి, పదకొండో ఏటనే ఆమేరు గద్దె నెక్కారు. పేరుకు రాజే అయినా మొగలు కొలువులో ఉద్యోగి. మాళవ, ఆగ్రా సుబేదారీలు, యుద్ధాలు, ఢిల్లీ నుంచి పిలుపులు. మన బదిలీల వంటివే ఆయనకూ ఉండేవి. ఆ తీరికలేని కొలువులోనే ఖగోళశాస్త్రం సాధన చేశారు. ఇత్తడి పరికరాలు చిన్నవి కావడం వల్లా, ఇరుసులు అరగడం వల్లా లెక్క తప్పుతోందని గ్రహించి, రాయీ సున్నంతో ఆరుబయట పెద్ద యంత్రాలు కట్టించారు. ఢిల్లీ, జయపురం, ఉజ్జయిని, కాశీ, మథురలలో మొత్తం అయిదు వేధశాలలు. సంస్కృత పండితులను, ముస్లిం ఖగోళవేత్తలను, క్రైస్తవ పాదరీలను ఈ పనికి చేరదీశారు. 1727లో జయపుర నగరాన్ని స్థాపించిందీ ఆయనే.

అక్కడి సమ్రాట్ యంత్రం సుమారు 90 అడుగుల ఎత్తు. దాని ఏటవాలు గోడ ధ్రువనక్షత్రం వైపు చూస్తుంది. గోడ నీడ ఇరువైపులా ఉన్న వంపు పలకల మీద సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. కాలం నడవడం కంటికి కనిపిస్తుందన్నమాట. జయపురంలో ఆ వాలు 27 డిగ్రీలు. మన బెజవాడలో అయితే పదహారున్నర చాలు. మన దేశపు గడియారాలకు ఆధారమైన రేఖ అన్నవరం దగ్గరగా పోతుంది. దానికి పడమట ఉన్నాం గనుక బెజవాడ నీడ సగటున ఏడెనిమిది నిమిషాలు వెనకబడుతుంది.

జయసింహుడు 1743లో, 54వ ఏట కన్నుమూశారు. ఏ పనైనా 58 నిండాక చూద్దామనుకున్నాం మనం. ఆ వయస్సే ఆయనకు రాలేదు. మథుర వేధశాల ఆనవాలు లేకుండా పోయింది. జయపురంలో నీడ ఈనాటికీ టైము చెబుతూనే ఉంది.

మొన్న మా డాబా మీద మనుమడూ నేనూ మట్టి కుండీలో కర్ర నిలిపి, నీడ కొసన గంటగంటకూ సుద్దతో గీతలు పెట్టాం. మర్నాడు వాడు గీతలు సరిచూద్దాం రమ్మన్నాడు. రేపు చూద్దాంలే అనబోయి ఆగాను. గొడుగు తీసుకొని మెట్లెక్కాను.