రాబర్ట్ డేనియల్ లారెన్స్

రాబర్ట్ డేనియల్ లారెన్స్ (నవంబరు 18, 1892 - ఆగష్టు 27, 1968) బ్రిటనుకు చెందిన ప్రముఖ వైద్యుడు, మధుమేహ వ్యాధి నిపుణుడు. ఆర్.డి.లారెన్స్ అనీ, రాబిన్ లారెన్స్ అనీ ప్రసిద్ధుడు. ఈయన స్వయంగా మధుమేహ రోగి. మరణం తప్పదనుకున్న దశలో ఇన్సులిన్ వలన బ్రతికి, ఆ తరువాత 45 సంవత్సరాలు ఆ మందుతోనే జీవించాడు. రోగి తన చికిత్సను తానే నేర్చుకొని నియమంగా పాటించాలన్న భావనకు వైద్యరంగంలో స్థానం కల్పించినవారిలో ఈయన ముఖ్యుడు.

బాల్యం, విద్య

లారెన్స్ స్కాట్లాండులోని అబర్డీన్ నగరంలో జన్మించాడు. తండ్రి థామస్ లారెన్స్ బ్రష్షుల తయారీదారు. లారెన్స్ మొదట అబర్డీన్ విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివి ఎం.ఏ. పట్టా పొందాడు. కొంతకాలం లండనులో బంధువుల బట్టల దుకాణంలో పనిచేశాడు గాని, ఆ వృత్తి నచ్చక తిరిగివచ్చి వైద్యవిద్యలో చేరాడు. అనేక పతకాలు సాధించి 1916లో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. హాకీ క్రీడలోనూ మంచి పేరు తెచ్చుకున్నాడు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనిక వైద్యదళంలో చేరి భారతదేశపు సరిహద్దు ప్రాంతంలో పనిచేశాడు. రక్తవిరేచనాల వ్యాధి సోకడంతో 1919లో స్వదేశానికి తిరిగి వెళ్ళవలసివచ్చింది.

వ్యాధి బయటపడుట

లారెన్స్ లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో చేరి, చెవి, ముక్కు, గొంతు విభాగంలో శస్త్రవైద్యుడు కావడానికి కృషిచేశాడు. 1920లో ఒక శవంపై చెవి వెనుక ఎముక శస్త్రచికిత్సను అభ్యసిస్తుండగా ఎముక ముక్క ఎగిరి కంటిలో పడింది. కంటికి చీము పట్టింది. ఆ సందర్భంలో జరిపిన పరీక్షలలో ఆయనకు మధుమేహం ఉన్నట్లు తెలిసింది. అప్పటికి ఆయన వయస్సు ఇంకా 30 నిండలేదు. కంటిచూపు దెబ్బతినడంతో శస్త్రవైద్యుడు కావాలన్న ఆశ వదులుకున్నాడు.

ఆనాడు ఈ వ్యాధికి మందు లేదు. అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఎలెన్ ప్రచారంలోకి తెచ్చిన కఠిన ఉపవాస పద్ధతి ఒక్కటే శరణ్యం. దానివలన ఆయుర్దాయం కొంత పెరిగేది గాని రోగి ఎముకల గూడుగా మారిపోయేవాడు. లారెన్స్ ఆ పథ్యాన్ని పాటిస్తూనే ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసి పరిశోధన పూర్తిచేశాడు. తనకు మిగిలినది కొద్దికాలమేనని గ్రహించి, ఇంటివారి కళ్ళముందు మరణించడం ఇష్టంలేక ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరానికి వెళ్ళి అక్కడ వైద్యవృత్తి ప్రారంభించాడు.

ఇన్సులిన్‌తో పునర్జన్మ

కెనడాలోని టొరంటోలో 1921లో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను కనుగొన్నారు. 1922 జనవరిలో దానిని మొదటిసారి ఒక బాలునికి ఇచ్చారు. అదే సంవత్సరం శీతాకాలంలో లారెన్స్‌కు ఊపిరితిత్తుల గొట్టాల వాపు వచ్చి, దానితో మధుమేహం విషమించింది. జ్వరం, అంటువ్యాధి వచ్చినపుడు రక్తంలో చక్కెర పెరగడం ఈ వ్యాధి సహజ లక్షణం. కాళ్ళ నరాలు దెబ్బతిని ఆయన నడవడానికే కష్టపడే స్థితికి చేరాడు.

1923లో కింగ్స్ కాలేజి ఆసుపత్రికి ఇన్సులిన్ అందింది. లారెన్స్‌తో అక్కడ పనిచేసిన జి.ఎ.హారిసన్, మందు ఫలిస్తున్నదని, వెంటనే బయలుదేరి రమ్మని కబురు పంపాడు. లారెన్స్ ఎంతో ప్రయాసపడి కారులో ఐరోపా దాటి మే 28న లండను చేరాడు. మే 31న ఆయనకు మొదటి ఇన్సులిన్ సూదిమందు ఇచ్చారు. సుమారు రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి, కోలుకోవడంతోపాటు మందు మోతాదును, ఆహారాన్ని సరిచూసుకొనే విధానాన్ని కూడా నేర్చుకున్నాడు.

చికిత్సా విధానం

ఇన్సులిన్ మధుమేహాన్ని నయంచేయదు. శరీరంలో తయారుకాని పదార్థాన్ని బయటినుండి సమకూర్చుతుంది, అంతే. క్లోమంలో ఇన్సులిన్ దాదాపు తయారుకానివారు దానిని మానివేస్తే కొద్దిరోజులలోనే రక్తంలో ఆమ్లాలు పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది. మోతాదు మించినా, సూదిమందు తీసుకొని భోజనం మానినా చక్కెర మరీ తగ్గి స్పృహ తప్పవచ్చు. ఈ రెండు ప్రమాదాల నడుమ రోగి ప్రతిదినం నడవవలసి ఉంటుంది. వైద్యుడు ప్రతిపూటా వెంట ఉండడు గనుక ఆ విద్య రోగికే రావాలన్నది లారెన్స్ అభిప్రాయం.

ఈ ఉద్దేశంతో ఆయన రోగులకు, వైద్యులకు ఉపయోగపడేలా 1925లో ది డయాబెటిక్ లైఫ్ అనే గ్రంథాన్ని, 1929లో మరింత సులభశైలిలో ది డయాబెటిక్ ఎబిసి అనే పుస్తకాన్ని రచించాడు. మొదటి గ్రంథం అనేక ముద్రణలు పొందింది. ఆహారపు కొలతలకు ఆయన రూపొందించిన పట్టిక చాలాకాలం వాడుకలో ఉన్నది. అందులో నలుపు వరుసలో పిండిపదార్థాలు గల ఆహారాలు, ఎరుపు వరుసలో మాంసకృత్తులు, కొవ్వు గల ఆహారాలు ఉండేవి. నలుపు వరుసలోని ఒక్కొక్క భాగం 10 గ్రాముల పిండిపదార్థానికి సమానం. రోగి ఒక భాగానికి బదులు మరొకటి తీసుకొని రుచి మార్చుకోవచ్చు గాని, ఇన్సులిన్‌కు, ఆహారానికి ఉన్న లెక్క తప్పదు. వ్యాయామం వలన ఇన్సులిన్ ప్రభావం పెరుగుతుందని కూడా లారెన్స్ 1926లో ప్రకటించాడు.

నాటి రోగులు గాజు సిరంజిని నీటిలో మరిగించి వాడుకొనేవారు. రక్తపరీక్ష ఇంట్లో వీలుకాదు. మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంతో వేడిచేసి, నీలం రంగు మిగిలితే చక్కెర లేదని, ఇటుక ఎరుపుకు మారితే ఎక్కువగా ఉన్నదని తెలుసుకొనేవారు. ఇంత శ్రమతో కూడిన దినచర్యను లారెన్స్ తానూ పాటిస్తూ, ఆసుపత్రిలో పెద్ద మధుమేహ విభాగాన్ని నిర్వహించాడు.

సంస్థల స్థాపన

లారెన్స్ వద్ద చికిత్స పొందినవారిలో ప్రసిద్ధ ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ ఒకడు. వీరిద్దరూ కలిసి 1934లో డయాబెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. పేదలు, ధనికులు అనే భేదం లేకుండా రోగులందరికీ సహాయం, విజ్ఞానం అందించడం దాని ఆశయం. ఇందులో వైద్యులతోపాటు రోగులూ సభ్యులే. ఈ సంస్థ 2000లో డయాబెటిస్ యు.కె.గా పేరు మార్చుకున్నది. 1950లో ఏర్పడిన అంతర్జాతీయ మధుమేహ సమాఖ్యకు కూడా లారెన్స్ తొలి అధ్యక్షుడు.

చివరి రోజులు, ప్రభావం

లారెన్స్ 1928లో వివాహం చేసుకున్నాడు. ఆయనకు ముగ్గురు కుమారులు. చివరి సంవత్సరాలలో పక్షవాతం వచ్చినా సంస్థ వ్యవహారాలపై ఆసక్తి తగ్గలేదు. 1968లో, 75వ ఏట లండనులో మరణించాడు.

చక్కెరను అదుపులో ఉంచితే దీర్ఘకాలిక నష్టాలు తగ్గుతాయా అన్న విషయంలో వైద్యుల మధ్య వివాదం ఆయన మరణానంతరం కూడా కొనసాగింది. అమెరికా, కెనడాలలో 1,441 మంది రోగులపై జరిగిన పెద్ద అధ్యయనం 1993లో దీనికి సమాధానమిచ్చింది. ఇన్సులిన్‌తో చక్కెరను సాధ్యమైనంత సాధారణ స్థాయికి దగ్గరగా ఉంచినవారిలో కంటి, మూత్రపిండాల, నరాల వ్యాధులు గణనీయంగా తగ్గాయి. అయితే వారిలో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం పెరిగినట్లు కూడా తేలింది.

మధుమేహంతో 60 సంవత్సరాలు జీవించినవారికి డయాబెటిస్ యు.కె. ఇచ్చే పతకానికి లారెన్స్ పేరు పెట్టారు.