కణపు కళ్లెమును ఊహించిన తియోడోర్ బోవెరి

రాచపుండు అనగానే ఎక్కడి నుంచో వచ్చి శరీరాన్ని పట్టుకొన్న పీడ అని మన పల్లెలలో ఇప్పటికీ అనుకొనేవారున్నారు. అది మన సొంత కణమే అదుపు తప్పిన స్థితి అని, అందుకు మూలం కణంలోని క్రోమోజోములలో ఉన్నదని వందేళ్లకు పూర్వమే ప్రతిపాదించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు తియోడోర్ బోవెరి.

ఆయన 1862లో బాంబెర్గ్ పట్టణంలో జన్మించారు. మ్యూనిక్‌లో చరిత్ర, తత్త్వశాస్త్రాలతో చదువు ప్రారంభించి, కొద్దికాలానికే శరీర నిర్మాణశాస్త్రం వైపు మళ్లారు. 1893లో వూర్ట్స్‌బర్గ్‌లో జంతుశాస్త్ర ఆచార్యులయ్యారు. అక్కడికి పరిశోధనకై వచ్చిన అమెరికన్ అధ్యాపకురాలు మార్సెల్లా ఓగ్రేడీని 1897లో వివాహమాడారు.

నేపుల్స్ సముద్రతీర పరిశోధనాలయంలో సీ అర్చిన్ అనే ముళ్ల ప్రాణి అండాలపై ఆయన చేసిన ప్రయోగాలే అన్నింటికీ పునాది. ఒక అండంలో రెండు వీర్యకణాలు ప్రవేశిస్తే అది ఒక్కసారిగా మూడు, నాలుగు కణాలుగా చీలుతుంది. క్రోమోజోములు ఆ కణాలకు సరిగా పంపకం కావు. అట్టి పిండాలు చాలావరకు వికృతమై నశించేవి. ప్రతి క్రోమోజోముకూ దాని పని వేరుగా ఉన్నదని 1902లో ఆయన తేల్చినది దీనినిబట్టియే.

1914లో కంతుల పుట్టుకపై ఒక చిన్న గ్రంథం వెలువరించారు. విభజనను అణచి ఉంచే అంశాలు కొన్ని క్రోమోజోములలో ఉంటాయని, అవి పోయిన కణం పట్టపగ్గాలు లేక పెరుగుతుందని అందులో ఊహించారు. రుజువు చూపక చెప్పిన మాట కనుక నాటి వైద్యలోకం దానిని ఆదరించలేదు. అందులో ఆశ్చర్యమూ లేదు. అప్పటికే ఆరోగ్యం క్షీణించి, బెర్లిన్‌లో నూతన జీవశాస్త్ర సంస్థకు అధిపతిగా వచ్చిన పిలుపును సైతం ఆయన వదులుకొన్నారు. 1915 అక్టోబరులో, 53 ఏళ్లకే మరణించారు. ఆ గ్రంథాన్ని మార్సెల్లాయే ఆంగ్లంలోకి అనువదించి 1929లో ప్రచురింపజేశారు.

ఆయన ఊహించిన కళ్లెములలో ముఖ్యమైనది పి53 అనే ప్రోటీన్. 1979లో కనుగొన్నపుడు అది క్యాన్సర్‌ను పెంచేదని పొరబడ్డారు. కణంలోని డీఎన్ఏ దెబ్బతింటే ఇది విభజనను నిలుపుతుంది. బాగుపడే ఆశ లేకుంటే బాక్స్, ప్యూమా అనే ఇతర ప్రోటీన్లను పురికొల్పుతుంది. వాటి మూలంగా మైటోకాండ్రియా వెలుపలి పొరకు రంధ్రాలు పడి, కణం తనంతట తానే అంతమవుతుంది. ఈ చావు సంగతి మాత్రం బోవెరి ఊహకు అందలేదు. మనుషుల క్యాన్సర్లలో సుమారు సగంలో పి53 జన్యువు చెడి ఉంటుంది. అది 17వ క్రోమోజోములో ఉన్నది. పెద్దప్రేగు కంతులలో ఆ క్రోమోజోము ముక్క తరచు లోపించి ఉండటాన్ని వెంబడించి పోగా, 1989లో దాని అసలు పని బయటపడింది.