హ్యూ లాక్ కింగ్

హ్యూ ఫోర్టెస్క్యూ లాక్ కింగ్ (1848 అక్టోబర్ 7 - 1926 జనవరి 28) ఇంగ్లాండుకు చెందిన భూస్వామి. ఎత్తైన వాలు మలుపులతో మోటారు పందేల కొరకే నిర్మించిన తొలి రేస్ ట్రాకు అయిన బ్రూక్‌లాండ్స్‌ను ఇతడు తన సొంత భూమిలో, సొంత ధనంతో నిర్మించాడు.

జీవిత విశేషాలు

ఇతని తండ్రి పీటర్ జాన్ లాక్ కింగ్ బ్రిటిషు పార్లమెంటు సభ్యుడు. సర్రే కౌంటీలో వేబ్రిడ్జి వద్ద గల బ్రూక్‌లాండ్స్ ఎస్టేటు కుటుంబ ఆస్తిగా ఇతనికి సంక్రమించింది. 1884లో ఎథెల్ గోర్ బ్రౌన్‌ను వివాహమాడాడు. ఆమె తండ్రి న్యూజిలాండ్ గవర్నరుగా పనిచేశాడు. ఈజిప్టులో పిరమిడ్ల సమీపాన గల మేనా హౌస్ హోటలును నెలకొల్పినది ఈ దంపతులే.

నిర్మాణానికి కారణాలు

1903లో చేసిన చట్టం ప్రకారం బ్రిటన్ రహదారులపై కార్లు గంటకు 20 మైళ్ళకు (32 కి.మీ.) మించి వెళ్ళరాదు. ఐరోపాలోని ఇతర దేశాలలో రహదారులపైనే పందేలు జరిగేవి. 1905లో ఇటలీలోని బ్రెషాలో జరిగిన పందెాన్ని చూసిన లాక్ కింగ్, అందులో బ్రిటిషు కార్లు లేకపోవడం గమనించాడు. వేగాన్ని పరీక్షించుకొనే చోటు లేనిదే స్వదేశీ కార్ల పరిశ్రమ ఎదగదని భావించి, ట్రాకు నిర్మాణానికి పూనుకున్నాడు.

ట్రాకు ఆకృతి

రాయల్ ఆర్టిలరీకి చెందిన కర్నల్ హోల్డెన్ దీని నమూనా రూపొందించాడు. 1906లో మొదలైన పనులు ఏడాది తిరగకముందే పూర్తయ్యాయి. ట్రాకు చుట్టుకొలత సుమారు 2.75 మైళ్ళు (4.4 కి.మీ.), వెడల్పు 100 అడుగులు. రెండు పెద్ద మలుపులలో బయటి అంచును పైకెత్తి కట్టారు. మెంబర్స్ బ్యాంకింగ్ అనే మలుపు వద్ద ఈ ఎత్తు దాదాపు 30 అడుగులు. రెండవది బైఫ్లీట్ బ్యాంకింగ్. పైకి పోయేకొలదీ వాలు పెరుగుతుంది గనుక, వేగంగా వెళ్ళే కారు అంచుకు చేరువగా సాగి పట్టు తప్పకుండా మలుపు తిరగగలదు. రైలు మార్గం పక్కన సాగే తిన్నని భాగాన్ని రైల్వే స్ట్రెయిట్ అనేవారు. వే నదిపై వంతెన కట్టి దానిమీదుగా ట్రాకును నడిపించారు. ఉపరితలమంతా కాంక్రీటు. కాలక్రమేణా అది కుంగి, గతుకులు ఏర్పడి, డ్రైవర్లను ఇబ్బంది పెట్టింది.

ప్రారంభం, ఆర్థిక ఇబ్బందులు

1907 జూన్ 17న ట్రాకు ప్రారంభమయింది. ఆనాటి కార్ల ఊరేగింపులో ఎథెల్ స్వయంగా కారు నడిపింది. ఆ నెలలోనే సెల్విన్ ఎడ్జ్ 24 గంటలలో 1,500 మైళ్ళకు పైగా ప్రయాణించాడు. జూలై 6న తొలి పందేలు జరిగాయి. వీటిని గుర్రపు పందేల పద్ధతిలోనే నిర్వహించారు. డ్రైవర్లను అంకెలతో గాక దుస్తుల రంగులతో గుర్తించేవారు.

నిర్మాణానికి సుమారు 1,50,000 పౌండ్లు ఖర్చయ్యాయి. ఈ భారంతో లాక్ కింగ్ దివాలాకు చేరువయ్యాడు, ఆరోగ్యం కూడా క్షీణించింది. ఎథెల్, ఆమె బంధువులు ఆర్థిక వ్యవహారాలు చేపట్టి ట్రాకును నిలబెట్టారు. దీనికి తోడు శబ్దం భరించలేని ఇరుగుపొరుగువారు న్యాయస్థానానికి వెళ్ళారు. రాత్రివేళ పందేలు నిలిచిపోయాయి. అందువలన తరువాతి కాలంలో 24 గంటల పందెాన్ని రెండు పగళ్ళుగా విడదీసి, డబుల్ ట్వెల్వ్ పేరుతో నిర్వహించారు.

మరణానంతరం

లాక్ కింగ్ మరణించిన కొద్ది నెలలకే, 1926 ఆగస్టు 7న, మొదటి బ్రిటిష్ గ్రాండ్ ప్రీ బ్రూక్‌లాండ్స్‌లో జరిగింది. 1935లో జాన్ కాబ్ గంటకు 143.44 మైళ్ళ సగటు వేగంతో ఒక చుట్టు పూర్తిచేశాడు. ఈ రికార్డును ఎవరూ అధిగమించలేదు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలవడంతో పందేలు ఆగిపోయాయి. యుద్ధకాలంలో ఈ స్థలం విమాన నిర్మాణానికి ఉపయోగపడింది, ట్రాకు కొంతమేర దెబ్బతిన్నది. 1946లో విమానాల సంస్థ వికర్స్ దీనిని కొనుగోలు చేసింది. ఎథెల్ 1956లో మరణించింది. మిగిలిన వాలు మలుపుల భాగాలను బ్రూక్‌లాండ్స్ మ్యూజియం వద్ద నేటికీ చూడవచ్చు.