బాస్కెట్‌బాల్‌ను పుట్టించిన మాస్టారు.. కోచ్‌గా గెలిచింది తక్కువ, ఓడింది ఎక్కువ!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు గ్రౌండ్లలో క్రికెట్, కబడ్డీ, వాలీబాల్‌దే హవా. అయినా ఫోన్‌లో ఎన్‌బీఏ డంక్ వీడియో వచ్చిందంటే చాలామంది ఆగి చూడాల్సిందే. ఇంతకీ ఈ ఆటను కనిపెట్టిందెవరో తెలుసా? ఒక డ్రిల్ మాస్టారు. పేరు జేమ్స్ నైస్మిత్.

1861 నవంబర్ 6న కెనడాలోని ఆల్మాంట్ దగ్గర పుట్టారు. చిన్నప్పుడే టైఫాయిడ్‌తో అమ్మానాన్న ఇద్దరూ చనిపోయారు. మేనమామ పెంచారు. హైస్కూల్ మధ్యలోనే మానేసి అడవిలో చెట్లు కొట్టే పనికి వెళ్లారు. కొన్నేళ్లకు మళ్లీ పుస్తకం పట్టి మెక్‌గిల్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేశారు.

1891 చలికాలం. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్‌లో ఆయన టీచర్. బయట ఆడలేరు, లోపల కసరత్తులంటే కుర్రాళ్లకు బోర్. కొత్త ఆట తయారుచేయమని పైఆఫీసర్ 14 రోజులు గడువిచ్చారు. నైస్మిత్ రెండు పీచ్ పండ్ల బుట్టలను బాల్కనీ రెయిలింగ్‌కు కొట్టించి, 13 రూల్స్ రాసి గోడకు అంటించారు. అటు 9 మంది, ఇటు 9 మంది. ఆ మ్యాచ్ మొత్తంలో పడింది ఒక్కటే గోల్!

ఏడేళ్లు తిరక్కుండానే ఆట డబ్బు బాట పట్టింది. 1898లో అమెరికాలో మొదటి ప్రొఫెషనల్ లీగ్ వచ్చింది. దాని పేరు నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్, తొలి చాంపియన్ ట్రెంటన్. నైస్మిత్ మాత్రం అదే ఏడాది డాక్టర్ పట్టా అందుకుని, కాన్సస్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వెళ్లారు. ఆటపై పేటెంట్ కూడా తీసుకోలేదు.

అక్కడ కోచ్‌గా ఆయన రికార్డు 55 గెలుపులు, 60 ఓటములు. ఆ యూనివర్సిటీ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కరే. కానీ అసలు విషయం ఇక్కడే ఉంది. ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ పెద్ద కోచ్ అయ్యారు. అలెన్ శిష్యుడు డీన్ స్మిత్. డీన్ స్మిత్ దగ్గర కాలేజీలో ఆడిన కుర్రాడే.. తర్వాత షికాగో బుల్స్‌కు 6 ఎన్‌బీఏ టైటిల్స్ తెచ్చిన మైకేల్ జోర్డాన్!

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ తొలిసారి మెడల్ ఆట అయింది. అది చూసేందుకు నైస్మిత్ దారి ఖర్చులకు కోచ్‌ల సంఘం చందాలు పోగుచేసింది. వానలో జరిగిన ఫైనల్‌లో అమెరికా 19-8తో కెనడాను ఓడించింది. ఒకటి ఆయన పుట్టిన దేశం, ఇంకోటి ఆయన స్థిరపడిన దేశం. మెడల్స్ ఇచ్చిందీ ఆయనే.

1939 నవంబర్ 28న, 78 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఎన్‌బీఏకు పునాది పడిన 1946ను, ఆ తర్వాతి ఏడాది తొలి చాంపియన్‌గా నిలిచిన ఫిలడెల్ఫియా వారియర్స్‌ను ఆయన చూడలేదు. మన దేశంలోనూ ప్రో లీగ్‌లు వచ్చి, హైదరాబాద్ స్కై, హైదరాబాద్ ఫాల్కన్స్ లాంటి జట్లు బరిలోకి దిగాయి.

ఎన్‌బీఏ ఫైనల్ అయినా, మన జిల్లా టోర్నీ అయినా రింగు ఎత్తు 10 అడుగులే. ఆ రోజు బుట్టలు కొట్టిన బాల్కనీ ఎత్తు అది.